దుమ్మనుకుని చెరిపేసిన చుక్కలు

పోయిన నెల మదనపల్లెలో, నేను ఒకప్పుడు పాఠాలు చెప్పిన కాలేజీలో, పాత అధ్యాపకులందరినీ పిలిచి శాలువాలు కప్పారు. మైకు ముందు నిలబడిన ఒక పెద్దమనిషి, జనం కాస్త ఆవలిస్తున్నారని చూసి, పాత జోకు ఒకటి తీశాడు. ఫిజిక్సు డిపార్ట్‌మెంటులో ఒక మేడం ఉండేదట. నక్షత్రం ఫోటో తెమ్మంటే, పెళ్లిచూపులకు పంపే ఫోటోలాగా టచప్ చేయించుకొచ్చిందట. నక్షత్రానికి పౌడరు పూసిన మేడం అట. సభ సభంతా నవ్వింది. అప్పుడు పుట్టనైనా పుట్టని కుర్ర లెక్చరర్లు కూడా పడీపడీ నవ్వారు.

నాకు యాభై దాటాయి. ఈ జోకును ఎనభైల మొదటి నుంచి వింటున్నాను. స్టాఫ్ రూములో విన్నాను, పెళ్లి పందిళ్లలో విన్నాను, పుంగనూరు బస్సులో నా వెనక సీట్లో కూర్చున్నవాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. ఆ జోకు అబద్ధం. ఆ ఫోటో మీద ఆమె చెయ్యి పడలేదు. ఎవరి వల్ల పడిందో నాకు తెలుసు. ఆ ఫోటోను అందరి ముందు పెట్టిన రోజు, ఆ గదిలో అది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆమె, నేను ఒకే ఏడాది కాలేజీలో చేరాం. నాది పుంగనూరు పక్క పల్లె, భూమీ పుట్రా ఉన్న ఇల్లు. ఆమె మదనపల్లె మిషన్ ఆస్పత్రి కాంపౌండులో పుట్టి పెరిగింది. వాళ్ల నాన్న ఆస్పత్రి లేబరేటరీలో పనిచేసేవాడు. మా ఇద్దరికీ ఖగోళ భౌతికం మీద ఒకటే పిచ్చి. కాలేజీ లైబ్రరీకి పాతబడిపోయిన సైన్సు పత్రికలు కట్టలుగా వచ్చేవి. ఆ కట్టలు విప్పేవాళ్లం మేమిద్దరమే.

అప్పుడు ఆమె తలకెత్తుకున్న ప్రశ్న ఇది. కొత్తగా పుడుతున్న నక్షత్రాలు కొన్ని, తమ చుట్టూ ఉన్న వాయువును లోపలికి లాక్కుంటూనే, అందులో కొంత భాగాన్ని సన్నటి ధారలుగా రెండు వైపులకూ చిమ్ముతాయి. జెట్లంటారు. ఆ ధారలో అక్కడక్కడా వాయువు ముద్దలుగా వెలుగుతుంది. ఆ వెలుగును రంగులుగా విడదీసి చూస్తే అందులో చాలా పరమాణువులకు ఎలక్ట్రాన్లు ఊడిపోయి ఉన్నాయని తెలుస్తుంది. దాన్నే అయనీకరణం అంటాం. పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టడానికి బలమైన దెబ్బ ఏదో తగలాలి. ఆ దెబ్బ కొడుతున్నదెవరు?

మా గైడు, అంటే వేరే ఊరి యూనివర్సిటీ నుంచి వచ్చిపోతుండే ప్రొఫెసరు, నక్షత్రపు వెలుగే కొడుతుందని తేల్చేశాడు. బాగా వేడిగా ఉండే నక్షత్రాల అతినీలలోహిత కాంతి ఆ పని చేస్తుందన్నది అందరికీ తెలిసిన సంగతే. కానీ జెట్లు చిమ్మే పసి నక్షత్రాలలో చాలావాటికి అంత వేడి లేదు. పైగా ధూళి దుప్పటి కప్పుకుని ఉంటాయి. ఆమె అడ్డు తిరిగింది అక్కడే.

ఒకరోజు నాలుగైదుగురం పుంగనూరు దారిలో ఒక తోట దగ్గర ఆగాం. మోటారు నడుస్తోంది. పైపులోంచి నీళ్లు ఎగిరి సిమెంటు తొట్టిలో పడుతున్నాయి. ఆమె నన్ను పిలిచి చూపించింది.

"సూడండి సార్. పైపు మూతి కాడ నీళ్లు అద్దం మాదిరి ఉండాయి. నురగ యాడుంది?"

"తొట్టిలో."

"తగిలిన కాడ. ఇప్పుడు సూడండి, వోల్టేజి ఎగుడుదిగుడుగా ఉండాది గదా, వెనకొచ్చే నీళ్లు ముందు నీళ్లను తరుముకోని గుద్దుతాండాయి. అందుకే మధ్యలో గూడా ముద్దముద్దగా తెల్లబడతాంది. ఆడ గూడా ఇంతే. నక్షత్రం దీపం పట్టుకోని నిలబడాల్సిన పన్లేదు. సెకనుకు వందల కిలోమీటర్ల మీద పోయే వాయువు నిదానంగా పోయేదాన్ని గుద్దితే, ఆ వేడికి ఎలక్ట్రాన్లు అవే ఊడతాయి."

తోట యజమాని మావైపు అనుమానంగా చూసి, "అమ్మా, మోటారేమన్నా రిపేరా?" అన్నాడు.

"మోటారు బాగుందప్పా, కరెంటే బాలేదు," అంది ఆమె. అతను కరెంటోళ్లను తిట్టడం మొదలుపెట్టాడు. మేమంతా నవ్వుకుంటూ బస్సెక్కాం.

ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చడానికి ఆమె చెప్పిన పద్ధతి తేలికైనది. నక్షత్రపు వెలుగే కారణమైతే దగ్గరున్న వాయువు ఎక్కువగా, దూరం పోయేకొద్దీ తక్కువగా వెలగాలి. గుద్దుకోవడమే కారణమైతే ధారలో ముద్దలు ముద్దలుగా, అన్నిటికంటే మించి ధార ఆగి ఉన్న మేఘాన్ని ఢీకొనే చివరి కొనలో, వెలుగు ఉండాలి. అంటే చూడాల్సింది చివర. కుప్పం దాటి తమిళనాడులోకి పోతే కొండల మీద ఒక అబ్జర్వేటరీ ఉంది. అక్కడివాళ్లకు ఉత్తరం మీద ఉత్తరం రాసి, చివరికి తానే కుప్పంలో రైలెక్కి పోయి, ఒక జెట్ ఫోటోకు గాజు పలక మీద తీసిన కాపీ నెగటివ్ తెచ్చింది. ప్లేటు అనేవాళ్లం. భూతద్దంతో మేమిద్దరం చూశాం. ముద్దలున్నాయి. చివర, ధార నామమాత్రంగా కూడా కనిపించని దూరంలో, విల్లులాగా వంగిన చిన్న మరక ఉంది. ఉంది. నా కళ్లతో చూశాను.

ప్రొఫెసరు ముందు ఆమె తన వాదన వినిపించాల్సిన సెమినారు దగ్గరపడింది. దానికి ఆ ప్లేటు నుంచి పెద్ద ప్రింట్లు కావాలి. నేను ఊరికి పోతున్నానని పుంగనూరులో వేయించుకొస్తానన్నాను. అక్కడ ఒక పాత స్టూడియో ఉండేది. యజమాని మా అమ్మ వైపు చుట్టం, నాకు మామ వరస.

ఆ సెమినారు మీద ఏం ఆధారపడి ఉందో కూడా చెప్పాలి. పూర్తి జీతంతో యూనివర్సిటీకి పోయి పరిశోధన చేసుకోవడానికి మా డిపార్ట్‌మెంటు నుంచి ఒకరికే సెలవు ఇస్తారు. ఎవరికన్నది ప్రొఫెసరు చెబుతాడు. ఆమె అడిగింది. నేను కూడా అడిగాను.

మామ ప్లేటును వెలుతురుకు పట్టుకుని చూశాడు.

"ఏమప్పా లెక్చరరూ, ఇదేం ఫోటో? మొగం లేదు, మనిషి లేడు."

"ఆకాశం మామా. నక్షత్రం."

"ఆకాశానికి గూడా పెండ్లి సూపులా?"

"పెద్ద ప్రొఫెసర్ సూస్తాడు మామా. నీట్‌గా ఇయ్యి. మచ్చ ఉండకూడదు."

"నా చేతిలో మచ్చా? ఈ ఊర్లో అమ్మవారు పోసిన మొగాలు ఎన్నిటిని నున్నగా చేసి పెండ్లిండ్లు చేయించినానో నీకేం తెలుసు!"

మచ్చ ఉండకూడదు. ఆ మాట నాది. ఆ మాట అన్నాక ఫోటో స్టూడియోలో ఏం జరుగుతుందో ఆలోచించి ఉండాల్సింది. నెగటివ్ మీద దుమ్ము పడితే ప్రింటు మీద తెల్ల చుక్క వస్తుంది. సన్నటి బ్రష్షును నల్ల ఇంకులో ముంచి ఆ చుక్కను కప్పేస్తారు. స్టూడియోలో అది రోజూ చేసే పని. తెల్ల చుక్క కనిపిస్తే చెయ్యి తానే పోతుంది. ఆకాశమంతా తెల్ల చుక్కలున్న ప్రింటును అలాంటి చేతిలో పెట్టి మచ్చ ఉండకూడదన్నాను నేను.

సెమినారు ముందురోజు మధ్యాహ్నం పోతే మామ నీరసంగా కూర్చుని ఉన్నాడు.

"ఎంత దుమ్ము పట్టిండాదప్పా నీ ప్లేటు మీద! అంతా తెల్ల చుక్కలే. నిన్నంతా కూర్చోని ఒక్కొక్కటే కొట్టేసినా. కండ్లు పోయినాయి."

ప్రింట్లు చూశాను. నున్నటి నల్లటి ఆకాశం. మధ్యలో మేఘం, అందులోంచి బయల్దేరిన ధార మొదలు మాత్రం ఉన్నాయి. ముద్దలు లేవు. చివర విల్లులాంటి మరక లేదు.

"మామా, అవి దుమ్ము గాదు. చుక్కలు."

"ఇన్ని చుక్కలా? ఆకాశంలో ఇన్నుంటే ఇంగ రాత్రిపూట దీపాలెందుకప్పా?"

"మళ్లీ కొట్టియ్యి మామా."

"పేపరయిపోయింది. చిత్తూరు నుంచి రావాల. ప్లేటు ఈడ పెట్టిపో, సోమవారం ఇస్తా."

ప్లేటు అక్కడే పెట్టి, ప్రింట్లు తీసుకుని మదనపల్లె బస్సెక్కాను. ఇంతవరకు జరిగింది పొరపాటు. మామది కొంత, నాది ఎక్కువ. బస్సు దిగగానే నేరుగా మిషన్ కాంపౌండుకు పోయి చెబుదామనే అనుకున్నాను. చెబితే ఆమె సెమినారు వాయిదా వేయించుకునేది. లేదా ప్రింట్లు పక్కన పెట్టి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేది. బస్సు కదిలాక ఆ సెలవు సంగతి బుర్రలోకి దూరింది. అది నాతోపాటు మదనపల్లె దాకా వచ్చింది. దిగి నేను నా గదికి పోయాను.

పొద్దున సెమినారు గది తలుపు దగ్గర, ప్రొఫెసరు వచ్చి కూర్చున్నాక, కవరు ఆమె చేతిలో పెట్టాను. విప్పి చూసుకునే టైము లేకుండా పెట్టాను. ఆమె థాంక్స్ అని చెప్పి, ప్రింట్లను బోర్డుకు గుచ్చి, జనం వైపు తిరిగి మాట్లాడింది. బాగా మాట్లాడింది. ఏ వెలుగుకు ఎంత శక్తి కావాలి, ఆ నక్షత్రానికి ఎంత ఉంది, అన్నీ చెప్పింది. "అసలు సాక్ష్యం ఈ చివర ఉంది" అని కర్రతో ప్రింటు మీద చూపించబోయి ఆగిపోయింది. కర్ర కొన నల్లటి ఆకాశం మీద ఆనుకుని ఉంది. కర్రను కొంచెం ఇటు జరిపింది. కొంచెం అటు జరిపింది.

"ఎక్కడమ్మా? నాకు కనిపించడం లేదు," అన్నాడు ప్రొఫెసరు.

"ఉండాలి సార్."

"ఉండాలి అంటే సరిపోదు. సైన్సులో ఉన్నది చూపించాలి."

ఆయనే లేచి వచ్చి ఒక ప్రింటు ఊడదీసి కిటికీ దగ్గరికి పోయాడు. వాలుగా పట్టుకున్నాడు. నిగనిగలాడే ప్రింటు మీద ఇంకు పడిన చోట్ల మెరుపు లేదు. చిన్నచిన్న మొద్దు మచ్చలు బయటపడ్డాయి.

"ఇది ఇంకు! ఎవరు పూశారు ఇది?"

గదంతా గుసగుసలు. ఆమె నావైపు తిరిగింది. అప్పటిదాకా ఇంగ్లీషులో మాట్లాడిన మనిషికి ఇంట్లో మాట వచ్చేసింది.

"సార్, ప్లేటు యాడ ఉండాది?"

"చూడాలి మేడం," అన్నాను.

నేనన్నది అంతే. ప్లేటు పుంగనూరులో ఉంది, గంట బస్సు ప్రయాణం. మా మామ దుమ్మనుకుని చెరిపాడు అని ఒక్క ముక్క చెబితే అందరూ ఒకసారి నవ్వి వదిలేసేవారు. ఆ నవ్వు నామీద పడేది. చూడాలి అన్నాను కాబట్టి ఆమె మీద పడింది, ఇప్పటికీ పడుతూనే ఉంది.

వెనక వరసలోంచి ఒకాయన, "ఆస్పత్రి కాంపౌండోళ్లు గదా, కట్టు గట్టి పంపించుంటారు" అన్నాడు. ఇంకొకాయన, "నక్షత్రానికి పౌడరు పూసినట్టుంది మేడం" అన్నాడు. ఆ జోకు అక్కడ పుట్టింది. అదే మాట మా కులంవాడి మీద అనేవాళ్లా? అనేవాళ్లు కాదు. నాకు అప్పుడూ తెలుసు.

నా ఒళ్లు మండేది ఇంకొకందుకు. ఆ గదిలో ఫిజిక్సు చదువుకున్నవాళ్లు నిండుగా ఉన్నారు. ఒక్కడైనా ఒక్క క్షణం బుర్ర వాడలేదు. ఆమె వాదనకు కావాల్సింది చివర ఉన్న వెలుగు. ఇంకు కప్పేసింది దాన్నే. మోసం చెయ్యాలనుకున్న మనిషి లేని చుక్కను పెట్టుకుంటుంది గానీ, తనకు కావాల్సిన చుక్కను తానే చెరుపుకుంటుందా? ఇంకు పూసిన ఆ ఫోటో ఎవరి వాదనకు పనికొచ్చింది? దగ్గర వెలుగు, దూరాన చీకటి: అది ప్రొఫెసరు సిద్ధాంతానికి బొమ్మ గీసినట్టుంది. అనుమానపడాల్సి వస్తే ఆయన్ని అనుమానించాలి. ఆయన మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఇంకు ఉన్నా లేకపోయినా, దగ్గర వెలుగు ఎక్కువన్నది మాత్రం స్పష్టం" అన్నాడు. చెరిపేసిన ఫోటో నుంచి తనకు కావాల్సింది తీసుకున్నాడు, ఆమెకు మోసగత్తె అని పేరు పెట్టాడు. రెండూ ఒకే నోటితో చేశాడు. ఎవరూ నవ్వలేదు. అక్కడ నవ్వాలి కదా!

సెలవు నాకొచ్చింది. ఆ ప్రొఫెసరు దగ్గరే, నక్షత్రపు వెలుగు మీదే థీసిస్ రాసి డాక్టరునయ్యాను. రాసిన ప్రతి పేజీ తప్పని తెలిసే రాశాను.

సెమినారు అయిన కొన్ని వారాలకు పుంగనూరు పోయాను. ఎందుకు పోయానో ఇప్పుడు గొప్పగా చెప్పుకోను. ప్లేటు నా చేతిలో ఉంటే ధైర్యం వస్తుందేమో అనుకున్నాను.

"ఆ గాజా? నువ్వు రాకపోతివి, పనైపోయిందనుకున్యా," అన్నాడు మామ. "సోడా నీళ్లలో కడిగేసినా. గాజు భలే ఉండాదప్పా, ఒక్క బుడగ లేదు." పాత గాజు నెగటివ్‌లను కడిగి ఫ్రేములకు వాడుకోవడం ఆ స్టూడియోలో ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. గోడకు ఆనించిన ఒక కొత్త జంట ఫోటోను చూపించాడు. "ఇదో, దీనికి ఏసినా." ఆ గాజు వెనక పెళ్లికొడుకు బిగుసుకుని నిలబడి ఉన్నాడు. ఆమె కుప్పంలో రైలెక్కి పోయి తెచ్చిన ఆకాశం అది.

అసలు ప్లేటు కొండ మీద ఉంది గానీ, ఇంకు పూసిందన్న పేరు పడ్డాక ఆమెకు ఇంకో కాపీ ఇచ్చేవాళ్లు లేరు. అంతే, సాక్ష్యం పోయింది. నా నోరొక్కటే మిగిలింది.

ఆమె క్లాసులో పిల్లలు బోర్డు మీద పౌడరు డబ్బా బొమ్మ గీసేవాళ్లు. ఆమె తుడిచి పాఠం మొదలుపెట్టేది. కొన్నాళ్లు అలా చూసి, రాజీనామా చేసి కుప్పంలో ఒక హైస్కూల్లో చేరింది. ఈలోగా బయటి దేశాల నుంచి అలాంటి జెట్ల ఫోటోలు వరసగా వచ్చాయి. అన్నిటిలోనూ ముద్దలు, చాలావాటిలో చివర విల్లు. గుద్దుకోవడమే ఎలక్ట్రాన్లను ఊడగొడుతోందని, ఊడినవి మళ్లీ అతుక్కోవడానికి చాలాకాలం పడుతుంది కాబట్టి వాయువు దూరందాకా ఆ స్థితిలోనే పోతుందని ఎక్కువమంది ఒప్పుకున్నారు. నక్షత్రానికి మరీ దగ్గరలో ఏం జరుగుతుందన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. దూరాన మాత్రం ఆమె చెప్పిందే. మా ప్రొఫెసరు ఏం చేశాడు? ఒక సభలో, "ఈ మాట మేము మొదటి నుంచీ అంటున్నదే" అన్నాడు. నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను.

ఎనభైల చివర్లో ప్రాక్టికల్ పరీక్షల డ్యూటీ మీద కుప్పం పోయినప్పుడు ఆమె స్కూలుకు పోయాను. వరండాలో నిలబెట్టే అంతా విన్నది. స్టూడియో, ఇంకు, బస్సు, కడిగేసిన గాజు. కోపం ఆమె గొంతులో లేదు, మాటల్లో ఉంది.

"ఇదంతా నాకు యాల చెప్తాండారు సార్?"

"మీకు తెలియాలని."

"నేను పూయలేదని నాకు తెలీదా? నాకంటే బాగా ఎవరికి తెలుసు? తెలీనోళ్లు మదనపల్లెలో ఉండారు. మా నాయన ఆస్పత్రిలో తల దించుకోని తిరిగినాడు సార్. ఒక్కరోజు గూడా నన్ను అడగలేదు, నువ్వు పూసినావా అని. అడిగుంటే బాగుండు. అడక్కుండానే పోయినాడు."

నేను క్షమించమన్నాను.

"ఆ మాట నాకొద్దు. ఆడ చెప్పి రండి, ఆ రూములో ఉన్నోళ్లకు. చెప్పినాక రండి, కాఫీ ఇస్తా."

బెల్లు కొట్టారు. ఆమె క్లాసుకు పోయింది. నేను మదనపల్లెకు తిరిగొచ్చి ఎవరికీ చెప్పలేదు. ఈరోజు రేపంటూ ఇన్నేళ్లు గడిపేశాను.

పోయిన నెల శాలువా కప్పుకుని స్టేజీ మీద కూర్చుని ఆ జోకు మళ్లీ విన్నప్పుడు, లేచి మైకు అందుకున్నాను. ఆమె పూయలేదు, స్టూడియోలో చెరిపారు, నేను చెప్పకుండా దాచాను అన్నాను. ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. ఆడమనిషిని వెనకేసుకొస్తున్నానని మెచ్చుకున్నారు. జోకు చెప్పినాయన నా భుజం తట్టి, "కూర్చోప్పా, ఊరికే తమాషాకంటే అంత సీరియస్ అయితావేంది" అన్నాడు. తర్వాత భోజనాలకు పిలిచారు. ఆ రోజు సెమినారు గదిలో ఉన్నవాళ్లు ముగ్గురు నలుగురు నాతోపాటే కూర్చుని తిన్నారు. ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు.

అందుకే రాస్తున్నాను. రాసినదాన్ని భుజం తట్టి కూర్చోబెట్టలేరు. ఆ ప్లేటు మీద ధార చివర విల్లులాంటి వెలుగు ఉంది. దాన్ని వెతికి తెచ్చింది ఆమె. అది ఎలా వెలుగుతోందో సరిగ్గా చెప్పింది ఆమె. ఆ కాఫీకి నేను కుప్పం ఇంకా పోలేదు. ఇది అచ్చయి, ఆ గదిలో ఉన్నవాళ్లు చదివితే తప్ప ఆమె మాట తీరినట్టు కాదు.

జోకు చెప్పుకునేవాళ్లు చెప్పుకోండి. మనిషిని మార్చి చెప్పుకోండి. మచ్చ ఉండకూడదన్నది ఆమె కాదు, నేను.